నాయన ఫోన్ మోగాలి: భాకరాపేట ఘాట్ అవతల నాలుగు సిమ్‌ల డైరీ

జనవరి, సంక్రాంతి అయ్యాక

తిరుపతి నుంచి నేనో చెల్లెలో ఫోన్ కొడితే ఊళ్ళో నాయన ఫోన్ మోగాలి. తోటలో బోరు దగ్గరున్న మొబైల్ స్టార్టర్ (ఫోన్ చేస్తే మోటారు ఆన్, ఆఫ్ చేసే డబ్బా) మన కాల్ ఎత్తాలి. ఘాట్‌లో బండి ఆగిపోతే ఎవరో ఒకరికి మాట అందాలి. ఈ మూడు పనులకు ఏ సిమ్ పనికొస్తుందో తేల్చుకోవడమే ఈ ప్రాజెక్టు. డేటా స్పీడెంత, రీల్స్ ఆగకుండా ఆడుతున్నాయా అన్న గోల ఇందులో ఉండదు. ఊళ్ళో ఎవర్నడిగినా 'ఫలానా కంపెనీ సూపర్' అంటారు. అనేది వీడియోలు చూసిన అనుభవంతోనే. మా నాయన వీడియోలు చూడడు, ఆయన చేతిలో ఉన్నది కీప్యాడ్ ఫోన్.

ఊరు భాకరాపేట దాటాక నెరబైలు వైపు పోయే దారిలో, తలకోన కొండల పక్కన ఉంటుంది. ఇల్లు పాతకాలపు మిద్దె, మూరెడు మందం రాతి గోడలు. తోట ఇంటికి దూరంగా, వంక పక్కన పల్లంలో ఉంది. అంటే ఇల్లూ తోటా రెండూ ఒకే సర్వే పటంలో ఉన్నా, సిగ్నల్ లెక్కలో వేర్వేరు ఊళ్ళు.

నాలుగు కంపెనీల సిమ్‌లూ తీసుకున్నా. ఫోన్ల వెనక ఎరుపు, పచ్చ, నీలం, తెలుపు టేపు ముక్కలు అంటించా. డైరీ అంతా ఈ రంగులతోనే నడుస్తుంది. ఏ రంగు ఏ కంపెనీదో కావాలనే రాయడం లేదు. మా ఊళ్ళో గెలిచిన సిమ్ పక్క మండలంలో ఓడిపోవచ్చు. టవర్ ఎక్కడుంది, మధ్యలో ఏ గుట్ట అడ్డం వచ్చింది అన్నదాన్ని బట్టే అంతా.

జనవరి చివర: సామాను

చెల్లెలి ఆఫీసులో పక్కన పడేసిన ఒకే మోడల్ స్మార్ట్ ఫోన్లు దొరికాయి. మోడల్ ఒకటే కావడం ముఖ్యం. ఒక్కో ఫోన్ యాంటెన్నా ఒక్కో తీరుగా ఉంటుంది. వేరే వేరే ఫోన్లలో పెట్టి కొలిస్తే పోలుస్తున్నది సిమ్‌లనా ఫోన్లనా అన్నది తేలదు. అనుమానం తీరడానికి మధ్యమధ్యలో సిమ్‌లు మార్చి కూడా చూస్తాను.

ఒక్కో ఫోన్‌లో ఒక్కటే సిమ్. రెండు సిమ్‌లు ఒకే ఫోన్‌లో వేసి పరీక్షిస్తే లెక్క తప్పుతుంది. మన దగ్గర దొరికే డ్యూయల్ సిమ్ ఫోన్లలో చాలావాటిలో ఒక సిమ్ మీద మాట్లాడుతుంటే రెండోది ఆ సేపు మూగబోతుంది. దానికి ఎవరైనా చేస్తే 'అందుబాటులో లేరు' అని వస్తుంది. ఆ పాపం నెట్‌వర్క్‌ది కాదు.

కొలవడానికి ఫోన్ తెరమీది గీతలు పనికిరావు. ఎంత బలానికి ఎన్ని గీతలు చూపించాలన్నది ఫోన్ తయారుచేసినవాడి ఇష్టం. ఆండ్రాయిడ్‌లో చాలా ఫోన్లలో డయలర్‌లో *#*#4636#*#* కొడితే ఒక టెస్టింగ్ పేజీ తెరుచుకుంటుంది, అందులో సిగ్నల్ బలం చెప్పే డీబీఎం అంకె కనిపిస్తుంది. అది మైనస్‌లో ఉంటుంది. 4జీలో మైనస్ 85, 90 దగ్గర ఉంటే హాయిగా మాట్లాడుకోవచ్చు. మైనస్ 110 దాటితే మాట నలగడం మొదలవుతుంది. 120 దగ్గరికి పోయిందంటే ఫోన్ ఉన్నా లేనట్టే. ఇది మామూలు కూడికల లెక్క కూడా కాదు: 3 తగ్గితే బలం సగమైనట్టు, 10 తగ్గితే పదో వంతుకు పడిపోయినట్టు. 2జీ కొలత వేరు. ఆ అంకెనీ ఈ అంకెనీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

నోట్‌బుక్‌లో గీసుకున్న గడులు: చోటు, టైము, రంగు, బ్యాండు (సిగ్నల్ ఏ ఫ్రీక్వెన్సీ మీద వస్తోందన్నది), డీబీఎం, కాల్ వచ్చిందా, రెండు నిమిషాలు నిలిచిందా, అవతలివాళ్ళకు ఎలా వినపడింది. చివరి రెండు గడులు నింపడానికి తిరుపతిలో చెల్లెలు ఉంది. ఎప్పుడు చేస్తానో చెప్పకుండా చెయ్యమన్నా.

కంపెనీల వెబ్‌సైట్లలో కవరేజీ మ్యాపులు కూడా చూశా. 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నిబంధనల ప్రకారం ఈ మ్యాపులు పెట్టడం తప్పనిసరి. మంచిదే. మా ఊరి మీద రంగు పులిమి ఉంది. ఆ రంగు వీధికి వర్తిస్తుంది, రాతి గోడల లోపలికి కాదు.

ఫిబ్రవరి: ఇల్లు

అరుగు మీద నాలుగు ఫోన్లూ వరసగా పెట్టాను. పచ్చ టేపు రారాజు, మైనస్ 84. ఎరుపు 97. తెలుపు 101. నీలం 108 దగ్గర ఊగులాడుతోంది. ఇక్కడితో ఆపేసి ఉంటే ఊరంతా చెప్పేదే నిజమనుకుని పచ్చకు ఓటేసేవాణ్ణి. నాయన ఇప్పుడు వాడుతున్నది కూడా ఆ కంపెనీదే.

తర్వాత నాయన ఫోన్ ఎక్కడుంటుందో చూశా. నడవలో గోడకు గూడు ఉంది, దీపం పెట్టుకునే పాత గూడు. ఇప్పుడందులో మాత్రల డబ్బా, కళ్ళజోడు, చార్జర్ వైరు, ఫోన్. ప్లగ్ పాయింటు దాని పక్కనే కాబట్టి ఫోన్ కాపురం అక్కడ. మూడు పక్కలా రాయి. టేపు ఫోన్లను ఒక్కొక్కటిగా ఆ గూట్లో పెట్టాను. పచ్చ 84 నుంచి 113కి పడిపోయింది. ఎరుపు 97 నుంచి 105కి వచ్చి ఆగింది.

ఎందుకో బ్యాండు గడి చూస్తే తెలిసింది. పచ్చ సిమ్ 2300 మెగాహెర్ట్జ్ మీద నడుస్తోంది, ఎరుపు 900కి లోపల ఉంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ తరంగం పొట్టిదవుతుంది, గోడలూ చెట్లూ దాన్ని ఎక్కువగా మింగేస్తాయి. డేటాకు పెద్ద బ్యాండులు, అంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీవి, బలం, ఎందుకంటే అక్కడ స్పెక్ట్రమ్ వెడల్పుగా దొరుకుతుంది. మందపు గోడ దాటి నడవలోకి మాట రావాలంటే చిన్న బ్యాండే దిక్కు. పచ్చ సిమ్ గూట్లోకి వచ్చాక కూడా అదే పెద్ద బ్యాండు పట్టుకుని వేలాడుతోంది, కిందకు దిగడం లేదు.

నీలం సిమ్‌తో ఇంకో తమాషా. కాల్ కలిసింది. చెల్లెలి గొంతు నాకు శుభ్రంగా వినిపిస్తోంది. నా మాట దానికి ముక్కలు ముక్కలు. 'అన్నా, నీళ్ళలోంచి మాట్లాడుతున్నావా?' అంటుంది. నీలం టవర్ దూరం. టవర్ పదుల వాట్ల శక్తితో మాట్లాడుతుంది. 4జీ ఫోన్ తిరిగి పంపగలిగేది మహా అయితే 0.2 వాట్. మైకు పెట్టి పిలిచేవాడికి నోటితో బదులిస్తున్నట్టు ఉంటుంది వ్యవహారం. ఫోన్ తెర చూపించే గీతలు టవర్ నుంచి మనకొచ్చే దానివి మాత్రమే. మన నుంచి టవర్‌కి పోయేదానికి గీతలు లేవు. అందుకే నోట్‌బుక్‌లో 'అవతలివాళ్ళకు ఎలా వినపడింది' అన్న గడి పెట్టుకున్నది.

అదే నీలం సిమ్‌ని 2జీకి మార్చి పెడితే మాట తేటపడింది. 900 బ్యాండులో 2జీ ఫోన్ 2 వాట్ల దాకా పంపగలదు, 4జీ ఫోన్‌కి పదింతలు. పాత టెక్నాలజీ అని ఈసడించుకుంటాం గానీ దూరం టవర్ అందుకోవడంలో దాని సత్తా దానిది.

ఫిబ్రవరి, ఇంకో వారాంతం: రాని కాల్

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే పెద్ద విషయం ఇదే అనిపించింది, అందుకే వివరంగా రాస్తున్నా.

మనం చేసే కాల్ కలవకపోతే మనకు తెలుస్తుంది. విసుక్కుంటాం, అరుగు మీదికొస్తాం, మళ్ళీ చేస్తాం. మనకు రావాల్సిన కాల్ రాకపోతే రాలేదన్న సంగతే తెలియదు. నెట్‌వర్క్ బాగుందా అని నాయన్ని అడిగితే 'బాగానే ఉండాది, నేను చేస్తే పోతా ఉండాది' అంటాడు. నిజమే, ఆయన చేసేటప్పుడు ఫోన్ పట్టుకుని వాకిట్లోకి వస్తాడు. చెల్లెలు చేసేసరికి ఫోన్ గూట్లో ఉంటుంది.

అందుకని పరీక్ష తిప్పేశా. ఊరి నుంచి మేం చేసేవి పక్కన పెట్టి, తిరుపతి నుంచి వచ్చేవే లెక్క. నాలుగు ఫోన్లూ గూట్లో, గూడు చాలకపోతే దాని కిందున్న బల్ల మీద. చెల్లెలు దాని తీరిక దొరికినప్పుడల్లా ఒక్కో నంబరుకు కొట్టి, రింగ్ పోయిందా, 'స్విచ్ ఆఫ్' అందా, 'కవరేజీ ప్రాంతంలో లేరు' అందా, కొంతసేపు నిశ్శబ్దం తర్వాత కట్ అయిందా అన్నది రాసి పంపింది.

అరుగు మీది రారాజు ఇక్కడ చిత్తుగా ఓడింది. పచ్చకు చేసిన కాల్స్‌లో సగానికి సగం ఇక్కడ మోగనేలేదు. మధ్యాహ్నం ఒకసారి నా కళ్ళముందే ఫోన్ వెలుగుతూ ఉంది, చార్జింగ్ కూడా నిండుగా ఉంది, చెల్లెలికి మాత్రం 'స్విచ్ ఆఫ్ చేయబడి ఉంది' అని వినిపించింది. నాయన చూసి, 'ఈడనే ఉండాది కదరా, మోగలా' అన్నాడు.

ఆ రికార్డు మాట అబద్ధం కాదు, నెట్‌వర్క్ అనుకున్నదే చెప్పింది. ఊరికే ఉన్న ఫోన్ అప్పుడప్పుడు 'నేనిక్కడున్నా' అని నెట్‌వర్క్‌కు చెప్పుకోవాలి. సాధారణంగా గంటకు అటూ ఇటూగా ఈ హాజరు ఉంటుంది. సిగ్నల్ ఊడిపోయి ఆ హాజరు పడకపోతే ఫోన్ కట్టేశారనుకుని నెట్‌వర్క్ దాన్ని పక్కన రాసేస్తుంది. హాజరు టైము ఇంకా దాటకపోతే మాత్రం టవర్లు ఫోన్‌ని పిలిచి చూస్తాయి, బదులు రాక 'అందుబాటులో లేరు' అంటాయి. కాబట్టి మీ పెద్దవాళ్ళ ఫోన్ చార్జింగ్ ఉండి కూడా తరచూ 'స్విచ్ ఆఫ్' అంటోందంటే, ఆ ఫోన్ చాలాసేపటి నుంచి ఏ టవర్‌కూ అందని మూలలో పడి ఉందని అర్థం.

ఇంకో మాట. కాల్ డ్రాప్ నూటికి రెండు లోపే ఉండాలన్నది ట్రాయ్ ప్రమాణం. పేపర్లో ఆ అంకెలు వచ్చినప్పుడల్లా కంపెనీలన్నీ పాసైనట్టే కనిపిస్తాయి. డ్రాప్ అంటే కలిసిన కాల్ మధ్యలో తెగడం. కలవనే కలవని కాల్, మోగనే మోగని ఫోన్ ఆ లెక్కలోకి రావు. పైగా టెలికాం వాళ్ళ లెక్కలో ఆంధ్రా తెలంగాణా కలిపి ఒకే సర్కిల్. అంత పెద్ద సగటులో మా నడవలోని గూడు ఏ మూల?

ఎరుపు దాదాపు ప్రతిసారీ మోగింది. తెలుపు కూడా మోగింది గానీ ఒక్కోసారి రింగ్ పోవడానికి చాలా టైము పట్టింది. అది 4జీలో కూర్చుని, కాల్ రాగానే 2జీకి దిగి ఎత్తుకుంటోంది. ఆ దిగడంలో కొన్ని సెకన్లు పోతాయి. వోల్టీ నడుస్తుంటే ఆ దిగడం ఉండదు, కాల్ కూడా 4జీ మీదే వస్తుంది.

గూడు సంగతి అమ్మ తేల్చేసింది. కిటికీ పక్కన మేకు కొట్టి, చిన్న గుడ్డ సంచి తగిలించి, ఫోన్ అందులో పెట్టింది. ఎలక్ట్రీషియన్ని పిలిచి ప్లగ్ పాయింటు కూడా అటు మార్పించాం. ఎరుపు కిటికీ దగ్గర 99. గూటికీ కిటికీకీ మధ్య నాలుగడుగులు కూడా లేవు.

రథసప్తమి రోజు

తిరుమలలో ఉన్నాం. ఒక్కరోజులో ఏడు వాహనాలు, మాడవీధుల్లో ఇసుకేస్తే రాలని జనం. ఫోన్లు ఉన్నాయి కాబట్టి గ్యాలరీలోకి పోకముందు చూశా. అన్నిటికీ సిగ్నల్ నిండుగా, మైనస్ 70 చిల్లర. కాల్ మాత్రం కొడితే పోతుంది, కొడితే పోదు. ఒకే టవర్ కింద అంతమంది ఒకేసారి ఫోన్ తీస్తే బలం ఎంతున్నా చోటుండదు. ఇక్కడ ఏ సిమ్ మంచిదని పోల్చడం దండగ. విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకుని పోవడం నయం. మేం ఒక సత్రం గేటు అనుకున్నాం.

మార్చి: స్టార్టర్ డబ్బా

మామిడి పిందె కట్టే టైము. డ్రిప్పుకు నీళ్ళు వదలడానికి నాయన రోజూ తోట దాకా నడుస్తున్నాడు, ఎందుకంటే స్టార్టర్ ఫోన్ ఎత్తడం లేదు. మొబైల్ స్టార్టర్ లేని రైతు ఇప్పుడు మా వైపు తక్కువ. అందులో ఒక సిమ్ ఉంటుంది. ఆ నంబరుకు ఫోన్ చేస్తే కరెంటు మూడు ఫేజులూ ఉన్నాయా లేదా చెబుతుంది, అంకె నొక్కితే మోటారు ఆన్, ఇంకో అంకెకు ఆఫ్. మాది పాతది, లోపల 2జీ మాడ్యూలే. కాబట్టి 4జీ మీద మాత్రమే నడిచే నెట్‌వర్క్ సిమ్ దీనికి ఎక్కదు. జియో 2016లో వచ్చిందే 4జీతో, దానికి మొదటి నుంచీ 2జీ లేదు. ఎయిర్‌టెల్ 2020లో 3జీని ఎత్తేసినా 2జీని అట్టే పెట్టింది. కీప్యాడ్ ఫోన్లతో పాటు ఇలాంటి యంత్రాలు కూడా దాని మీదే బతుకుతున్నాయి.

సిమ్ మార్చి చూద్దామని డబ్బా తెరిచా. ఇనుప డబ్బా, లోపల బల్లి ఎండిపోయి కాంటాక్టర్ పక్కన అతుక్కుని ఉంది. చీమలు మూల నుంచి మట్టి పట్టుకొచ్చాయి. యాంటెన్నా కనబడలేదు. వెతికితే, అడుగున అయస్కాంతం దిమ్మెతో ఇనుప రేకుకే అతుక్కుని ఉంది, వైరు చుట్ట చుట్టి రబ్బరు బ్యాండు వేసి మరీ. బిగించినవాళ్ళు దొంగల భయంతో లోపల పెట్టారట. నాలుగు పక్కలా ఇనుము, తలుపు కూడా ఇనుమే. దీని లోపలికి సిగ్నల్ రావాలంటే రబ్బరు బీడింగు సందుల్లోంచే దూరాలి.

భాకరాపేట నుంచి వచ్చిన వైండింగ్ షాపు కుర్రాడు చూసి, 'అన్నా, ముందు దాన్ని బయటికి తియ్యి. సిమ్ సంగతి తర్వాత మాట్లాడదాం' అన్నాడు. వైరు పోయే రంధ్రం డబ్బా కింద ఎటూ ఉంది. దాంట్లోంచి యాంటెన్నా లాగి, పాత పీవీసీ పైపు కట్టెకు బిగించి, షెడ్డు పైకి లేపి కట్టాం. వైరు పొడవు కొంచెం తక్కువైంది. పొడవు వైరున్న యాంటెన్నా షాపులో దొరుకుతుంది గానీ అవసరానికి మించిన పొడవు కొనకూడదు, వైరులోనే కొంత బలం పోతుంది. పైపు మొన లోపల నీళ్ళు దిగకుండా మూత పెట్టి ఎంసీల్ పూశాం.

బయటికి తీశాక సిమ్‌ల పోటీ. 2జీ ఉన్న సిమ్‌లను ఒక్కొక్కటే వేసి తిరుపతి నుంచి ఫోన్ చేయించా. ఇంటి దగ్గర అందరికంటే వెనకబడ్డ నీలం ఇక్కడ మొదటి స్థానం. దాని టవర్ దూరమే, కానీ వంక వెంబడి పల్లం అటే తెరుచుకుని ఉంది, అడ్డం ఏమీ లేదు. పచ్చ టవర్ దగ్గరే, మధ్యలో మిట్ట ఉంది. పటం చూసి ఇది చెప్పగలిగేవాణ్ణి కాదు. స్టార్టర్‌కి నీలం ఖాయం.

స్టార్టర్ సిమ్‌కు డేటా దండగ. 2024 డిసెంబరులో ట్రాయ్ నిబంధన మార్చాక డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే రీఛార్జ్‌లు కంపెనీలు పెట్టాయి. అలాంటిదే వేయించా. గడువు దాటితే ఇన్‌కమింగ్ కూడా ఆగిపోతుంది; అప్పుడు మోటారు పాడైందని మెకానిక్‌ని పిలిచినవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు.

మార్చి చివర: ఘాట్

బామ్మర్ది బండి నడిపాడు, నేను వెనక సీట్లో నాలుగు ఫోన్లతో. రంగంపేట దాటి ఘాట్ ఎక్కేదాకా అన్నీ బాగున్నాయి. అడవి మొదలయ్యాక ఒక్కొక్కటే జారింది. 2022 మార్చిలో ధర్మవరం నుంచి తిరుపతికి నిశ్చితార్థానికి వస్తున్న బస్సు ఈ ఘాట్‌లోనే రాత్రి లోయలో పడింది. అందుకే ఇక్కడ కొలతలు తేలిగ్గా తీసుకోలేదు.

ఏ సిమ్ కూడా మొత్తం ఘాట్‌లో నిలవలేదు. ఎరుపు పోయిన మలుపుల్లో తెలుపు ఉంది, తెలుపు పోయినచోట నీలం 2జీ పలికింది, కొంచెం దూరం మాత్రం నాలుగూ సున్నా. ఆ దూరంలో ఏ కంపెనీ సిమ్ ఉన్నా ఒకటే. మిగతా చోట్ల ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. మన సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా ఇంకో కంపెనీ టవర్ అందుతుంటే ఫోన్ తెర మీద 'ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ' అని ఉంటుంది. అప్పుడు 112 కొడితే ఆ పక్క కంపెనీ టవర్ మీద నుంచి కాల్ పోతుంది. మనవాళ్ళకు చేస్తే పోదు. బామ్మర్దికి ఇది తెలియదట. రోజూ ట్యాక్సీ తోలేవాడికే తెలియకపోతే ఎలా అని కోప్పడ్డా.

సిగ్నల్ లేని చోటు దాటాక కూడా ఫోన్ కొన్నిసార్లు వెంటనే టవర్ పట్టదు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి తీస్తే కొత్తగా వెతుక్కుంటుంది.

ఏప్రిల్: గాలివాన

సాయంత్రం ఈదురుగాలి, వాన. కాయ రాలింది, కరెంటు పోయింది. నేను ఊళ్ళోనే ఉన్నా. కిటికీ దగ్గర నాలుగు ఫోన్లూ పెట్టుకుని కూర్చున్నాం, అమ్మ నన్ను చూసి నవ్వుతోంది.

టవర్లకు బ్యాటరీలుంటాయి, కొన్నిటికి జనరేటర్. ఎరుపు, పచ్చ చాలాసేపు నిలిచి, రెండూ ఒకే నిమిషంలో పోయాయి. తెలుపు తెల్లారేదాకా ఉంది. నీలం వచ్చిపోతూ ఉంది.

రెండు కంపెనీల సిగ్నల్ ఒకే నిమిషంలో ఎలా పోయిందంటే, రెండూ ఉన్నది ఒకే ఇనుప స్తంభం మీద. టవర్ ఒకరిది, దాని మీద అద్దెకు ఇద్దరు ముగ్గురు. టెలికాం శాఖ 2017లో తెచ్చిన తరంగ్ సంచార్ పోర్టల్‌లో మన చుట్టూ ఉన్న టవర్లు, వాటి మీద ఎవరెవరున్నారన్నది కనిపిస్తుంది. చూశా, అదే తేలింది. మర్నాడు బైకు మీద పోయి కింద నిలబడి కూడా చూశా.

ఇది తెలియకపోతే నాయన ఫోన్‌లో ఎరుపు, పచ్చ వేసి రెండు నెట్‌వర్క్‌లున్నాయని నిశ్చింతగా ఉండేవాళ్ళం. కరెంటు పోయిన రాత్రి రెండూ కలిసే పోయేవి. రెండో సిమ్ ఎంచుకునేటప్పుడు దాని బలం కంటే, మొదటిదాని టవర్ మీద అది లేకపోవడం ముఖ్యం. ఈ లెక్కన అన్నిట్లోనూ మధ్యరకంగా ఉన్న తెలుపుకు చోటు దొరికింది.

మే: ఫోన్, పోర్టింగ్

నాయన పాత కీప్యాడ్ ఫోన్ 2జీ. ఎరుపు సిమ్ నడవలోకి అందేది 4జీ చిన్న బ్యాండులో. కాబట్టి ఫోన్ మార్చాలి. 4జీ కీప్యాడ్ ఫోన్లు దొరుకుతాయి గానీ కొనేముందు పెట్టె మీద బ్యాండుల నంబర్లు చదవాలి. ఉదాహరణకు జియోకు 5, 3, 40. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీకి 28, 1. 2025 సెప్టెంబరు 27న బీఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ 4జీ మొదలయ్యాక చాలామంది ఆ సిమ్ తెచ్చి పాత ఫోన్‌లో వేసుకుంటున్నారు. 28 అంటే 700 మెగాహెర్ట్జ్ బ్యాండు, ఆ నంబరు లేని ఫోన్‌కు అది ఉన్నా లేనట్టే. బ్యాండులు సరిపోయినా వోల్టీ ఆ కంపెనీతో పనిచేస్తుందా అన్నది ఇంకో మెలిక. షాపులోనే సిమ్ వేసి, కాల్ నడుస్తుండగా తెర మీద 4జీ గుర్తు నిలిచిందా, 2జీకి దిగిందా చూస్తే తెలిసిపోతుంది. తిరుపతి గాంధీరోడ్డులో షాపు ఆయన మొదట విసుక్కున్నాడు, నాలుగో ఫోన్‌కి ఆయనకే ఆసక్తి పుట్టింది.

నాయన నంబరు మార్చే ప్రసక్తి లేదు. బ్యాంకు, ఆధార్, పీఎం కిసాన్ అన్నీ దానికే ముడిపడ్డాయి. పచ్చ నుంచి ఎరుపుకు పోర్ట్ పెట్టాం. PORT అని రాసి ఖాళీ వదిలి నంబరు వేసి 1900కి ఎస్సెమ్మెస్ పంపితే కోడ్ వస్తుంది. అది నాలుగు రోజులు చెల్లుతుంది. ఉన్న కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి. ఈ మధ్యే సిమ్ పోయి డూప్లికేట్ తీసుకుని ఉంటే ఏడు రోజులు ఆగాలి, 2024 జులై నుంచి ఆ రూలు. ఒకే సర్కిల్‌లో మూడు పనిదినాల్లో మారిపోతుంది. మారే రాత్రి కొంతసేపు ఏ సిమ్మూ పలకదు కాబట్టి అమ్మ ఫోన్ అందుబాటులో ఉండేలా చూసుకున్నాం.

రెండో స్లాటులో తెలుపు. చెల్లెలి ఫోన్‌లోనూ నా ఫోన్‌లోనూ 'నాయన 1', 'నాయన 2' అని సేవ్ చేశాం, ఒకటి పలక్కపోతే రెండోది.

తిరుపతిలో నా ఫ్లాటు సంగతి చిన్నది. గ్రౌండ్ ఫ్లోరు, మూడు వైపులా అపార్టుమెంట్లు, లోపలి గదిలో ఏ సిమ్మూ నిలకడగా లేదు. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంది, ఫోన్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేశాను, సమస్య తీరింది. రౌటర్‌ని ఇన్వర్టర్ లైనుకు మార్చడం మాత్రం మరవకూడదు. ఎవరో ఆన్‌లైన్‌లో దొరికే సిగ్నల్ బూస్టర్ పెట్టుకోమన్నారు. అనుమతి లేకుండా వాటిని పెట్టడం చట్టరీత్యా నేరం, పైగా చుట్టుపక్కలవాళ్ళ కాల్స్ పాడవుతాయి.

జూన్: మిగిలిన పనులు

తోతాపురి కోత నడుస్తోంది. స్టార్టర్ ఎత్తుతోంది. ఎరుపు కిటికీ దగ్గర 98, 100 మధ్య ఉంది. వానలు పడి చెట్లు కొత్త ఆకు తొడిగాక, తడిసిన ఆకు సిగ్నల్‌ను ఇంకా మింగుతుంది కాబట్టి, ఆగస్టులో గూడూ, కిటికీ, షెడ్డు మూడు చోట్లా మళ్ళీ కొలవాలి. పైపు కట్టె అప్పటికి ఒరిగితే ఇనుప యాంగిల్ వేయించాలి. తెలుపు సిమ్ రీఛార్జ్ గడువు, స్టార్టర్ సిమ్ గడువు చెల్లెలి ఫోన్ క్యాలెండర్‌లో ఉన్నాయి. వారం ముందే మోగేలా పెట్టాం.